"నాకు సైనస్ ఉంది" అంటున్నారా?

మాది యాడికి. చెనక్కాయ నూర్పిళ్ళ దుమ్ముకు ఏటా నా ముక్కు బిగుసుకుపోయేది. సైనసేనని నాకు నేనే తీర్మానించుకుని, మందుల షాపులో అడిగి ముక్కులో వేసుకునే చుక్కలు కొన్నాను. వేసుకున్న ఐదు నిమిషాలకు హాయిగా ఊపిరాడేది. నాలుగు గంటలకు మళ్ళీ బిగిసేది. ఇలా మూడు నెలలు! చివరికి అనంతపురంలో చూపిస్తే, జబ్బు ఆ సీసాలోనే ఉందన్నారు డాక్టరుగారు. ఆ చుక్కలు రక్తనాళాలను కుదిస్తాయి. అదేపనిగా వాడితే, మందు దిగగానే ముక్కు లోపలి పొర మునుపటికంటే ఎక్కువ వాస్తుంది. ఐదు రోజులు మించి వాడకూడదట. మానేశాక రెండు వారాలు కూర్చునే కునుకు తీశాను.

అసలు సైనస్‌లు లేనిదెవరికండీ? బుగ్గల వెనుక, నుదుటి ఎముకల్లో ఉండే గాలి గూళ్ళే అవి. జలుబు చేసి వాటి దారులు మూసుకుంటే చీమిడి నిలిచి, వంగినప్పుడు ముఖం బరువెక్కుతుంది. ఇది చాలావరకు వైరస్ పని. పది రోజుల్లోపే తగ్గుముఖం పడుతుంది. చీమిడి పచ్చబడిందని యాంటీబయాటిక్ అడగకండి, ఎక్స్‌రేకు పరుగెత్తకండి. పది రోజులైనా తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్ళీ జ్వరం, నొప్పి తిరగబెట్టినా, మొదటినుంచీ మూడు నాలుగు రోజులు 102 డిగ్రీల జ్వరంతో ముఖం నొప్పి ఉన్నా డాక్టరుకు చూపించండి.

ఈలోగా కాచి చల్లార్చిన గ్లాసెడు నీళ్ళలో అర చెంచా ఉప్పు కలిపి ముక్కు కడుక్కోండి. బోరు నీళ్ళు కాచకుండా వాడవద్దు. కంటి చుట్టూ వాచినా, ఒకటి రెండుగా కనిపించినా, మెడ బిగిసినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళండి.