చీపురుపల్లిలో ఒక చిప్పు పోషణము

హౌరా–మద్రాసు రైలుమార్గమున విజయనగరమునకును శ్రీకాకుళం రోడ్డునకును నడుమ నున్న చీపురుపల్లి మాంగనీసు సీమలోని యూరు. భారతదేశమున ఆ ఖనిజపు తవ్వకము 1892లో మొదలైనది ఈ ప్రాంతముననే. టార్చిలైటు బ్యాటరీ కడుపులో నుండునది మాంగనీసు డయాక్సైడే గనుక, విద్యుత్తును పొదుపుగ వాడు విద్యను ఈ యూర చూచుట నాకు మిక్కిలి ఉచితముగ తోచెను.

నేను చూడబోయినది సెల్‌ఫోనులు బాగుచేయు ఒక చిన్న దుకాణము. అచటి యువకుడు, డాబాపై ట్యాంకులో నీరెంత యున్నదో ఇంటిలోని ఫోనునకు తెలుపు పరికరములను కట్టుచున్నాడు. ఆ పరికరములకు మూలము షాంఘై నగరపు ఎస్ప్రెసిఫ్ సంస్థ రూపొందించిన ఈఎస్‌పీ8266 అను వైఫై చిప్పు. 5 మిల్లీమీటర్ల చదరమున 32 కాళ్లు గల ఆ చిప్పు, 2014లో ఈఎస్‌పీ-01 అను పలకపై కుదురుకొని దేశదేశములకు వ్యాపించెను. పలకనుండి వెలుపలికి వచ్చు పిన్నులు 8 మాత్రమే: విద్యుత్తు, గ్రౌండు, సమాచారము పంపునది, అందుకొనునది, రీసెట్టు, చిప్పును మేల్కొలుపునది, ఇవిగాక సున్న, రెండు సంఖ్యల జీపీఐఓలు అను బహుళోపయోగపు పిన్నులు. సున్నను గ్రౌండునకు తగిలించి కరెంటిచ్చినచో చిప్పు కొత్త ప్రోగ్రాము నందుకొనుటకు సిద్ధమగును. తగిలింపనిచో లోపల నున్న ప్రోగ్రామునే నడుపును.

"5 వోల్టులిత్తే పోద్ది బాబూ, దీనికి 3.3యే. అదొక్కటే చూత్తే సాలదు, ఆంపియర్లు కూడా సూడాల" అని అతడు మీటరు చేతబట్టి చెప్పెను. అదియే విషయమునకు మర్మము. వినుచున్నప్పుడు మితముగ తీసికొను ఈ చిప్పు, సంకేతమును ప్రసారము చేయునపుడు 170 మిల్లీఆంపియర్లవరకు కోరును. క్షణమాత్రము అంతకు మించియు లాగును. కంప్యూటరునకు తగిలించు ఎఫ్‌టీ232 అడాప్టరులోని 3.3 వోల్టుల పిన్ను ఇయ్యగలిగినది 50 మాత్రమే. అందుచేత నేర్చుకొనువారి చిప్పులు మాటిమాటికి రీసెట్టగుచు, ప్రోగ్రాములో లేని తప్పును వెదకించుచుండును. విద్యుత్తు పిన్నునకును గ్రౌండునకును నడుమ, చిప్పునకు ఎంత వీలైన అంత చేరువగ, పెద్ద కెపాసిటరును అతడు అతికించుటకు కారణమిదియే. ఆ క్షణికమైన ఆకలిని అది తీర్చును.

నిద్రకు సంబంధించిన పని మరింత సున్నితము. గాఢనిద్రలో చిప్పు 20 మైక్రోఆంపియర్లతోనే కాలము గడుపును. కాని గడువు తీరినపుడు తనను తాను లేపుకొనవలెనన్న, జీపీఐఓ 16ను రీసెట్టునకు కలుపవలెను. ఈఎస్‌పీ-01లో ఆ కాలు వెలుపలికి రాదు. కనుక అతడు భూతద్దము క్రింద, వెండ్రుకవంటి తీగను చిప్పు కాలికే సోల్డరు చేయుచుండగా నేను ఊపిరి బిగబట్టి చూచితిని. అంతటి హస్తలాఘవము నిజముగ గౌరవింపదగినది. తరువాత అతడు పలకపై నెల్లప్పుడు వెలుగు ఎర్ర ఎల్‌ఈడీని తొలగించెను. ఏఎంఎస్1117 రెగ్యులేటరును సయితము వాడలేదు; అది తనకొరకే సుమారు 5 మిల్లీఆంపియర్లు తీసికొనును, అనగా నిద్రించు చిప్పునకు 250 రెట్లు. దానికి బదులు 3.2 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేటు సెల్లును తిన్నగ కలిపి, ప్రసారవేళ వోల్టేజి ఎంత తగ్గుచున్నదో మరల కొలిచెను.