పేర్లు పడేటప్పుడు ఆపు

మా కాట్పాడి ఇంట్లో టీవీకి తెలుగు రాదు. తొంభైల మొదట్లో కొన్న కలర్ టీవీ అది, దానికి హైపర్ బ్యాండ్ లేదు. కేబుల్ ఆయనేమో తమిళ ఛానళ్లన్నీ కింది ఫ్రీక్వెన్సీల్లో పెట్టుకుని, ఈటీవీనీ జెమినీనీ పైన ఆ హైపర్ బ్యాండులో పడేశాడు. ఆయన లెక్క ఆయనది. తెలుగు ఛానల్ రాలేదని ఆయనతో తగువు పెట్టుకునేవాళ్లు మా వీధిలో ఎందరు? ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, ఇదీ మా బతుకు. చిత్తూరు ముప్పై అయిదు కిలోమీటర్లు, క్రిస్టియన్‌పేట చెక్‌పోస్టు దాటితే ఆంధ్రే. అయినా చిత్తూరులో పుట్టిన మా అవ్వ టీవీ ముందు కూర్చుని తమిళ సీరియళ్లే చూసేది, అప్పుడప్పుడు వాటిని తెలుగులో తిట్టేది.

2003 ప్రాంతంలో నాయన నా చదువుకని కంప్యూటర్ కొన్నాడు. పెంటియం 4, విండోస్ ఎక్స్‌పీ, నలభై జీబీ హార్డ్ డిస్క్. దానికి టీవీ ట్యూనర్ కార్డు తగిలిస్తే టీవీ వస్తుందని చెప్పింది మా చిన్నాయన. పొద్దున రైలెక్కి మద్రాసు వెళ్లి, మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో బేరమాడి తెచ్చాడు. అరచేతిలో పట్టే పచ్చటి పలక, దాని మీద అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దదైన రేకు డబ్బా. ట్యూనర్ అంటే నిజానికి ఆ డబ్బానే. కంప్యూటర్ మూత విప్పి పీసీఐ స్లాటులో కార్డు గుచ్చి, కేబుల్ వైరు వెనక బిగించి, సాఫ్ట్‌వేర్లో స్కాన్ నొక్కాం. అది ఒక్కొక్క ఫ్రీక్వెన్సీ వెతుక్కుంటూ పైకి పోయింది. మా టీవీ ఆగిపోయే చోట ఇది ఆగలేదు. కాసేపటికి కొంచెం చుక్కలతో ఈటీవీ పడింది. అవ్వ వంటింట్లోనుంచి గరిటెతో సహా వచ్చేసింది.

చూడటం ఒక ఎత్తయితే రికార్డింగ్ ఇంకో ఎత్తు. అమెరికాలో టీవో అనే పెట్టె 1999లోనే అమ్మకానికి వచ్చింది, టీవీని డిస్కు మీద దాచుకోవడానికే. మాకు ఆ పని ఈ కార్డే చేసేది. టైము పెట్టి బడికి పోతే మధ్యాహ్నం సినిమా దానంతటదే ఎక్కాలి. ఎక్కేది కూడా, కరెంటు ఉంటే. యూపీఎస్ కీచుమంటూ పది నిమిషాలు మోసేది, ఆ తర్వాత సినిమా ఎక్కడుంటే అక్కడికే సరి. ఇంకొక తిప్పలు శబ్దంతో. ఆ కార్డు బొమ్మను నేరుగా పంపేది గానీ శబ్దాన్ని వెనకనుంచి చిన్న వైరు ద్వారా సౌండ్ కార్డు లైన్ ఇన్‌లోకి పంపేది. ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ఆ వైరు ఊడితే సాయంత్రానికి మూగ సినిమా తయారు. అందుకని అవ్వను కాపలా పెట్టాం. మానిటర్ ఆపేసినా స్పీకర్లో మాటలు వినిపిస్తుండాలి, వినిపించకపోతే వైరు నొక్కాలి. అవ్వ ఈ ఉద్యోగం ఎంత శ్రద్ధగా చేసిందంటే మధ్యాహ్నం నిద్ర మానేసింది. కంప్యూటరుకు ప్రియదర్శిని పెట్టె అని పేరు పెట్టింది కూడా ఆమే. ‘మాయాబజార్’లో శశిరేఖ మూత తెరిస్తే అభిమన్యుడు కనిపిస్తాడే, ఆ పెట్టె.

ఆ ‘మాయాబజారే’ మా ఇంట్లో ఎక్కువ తిరిగిన సినిమా. మూడు గంటలు దాటిన సినిమా, ప్రకటనలతో కలిపితే నాలుగు పైమాటే. వీసీడీ క్వాలిటీలో నిమిషానికి పది ఎంబీ పడుతుంది, ప్రకటనలు కోసేశాక మూడు సీడీలు. గుడియాత్తంలో మా అవ్వ చెల్లెలి ఇంట్లో వీసీడీ ప్లేయర్ ఉండేది, వాళ్లకొక సెట్టు రైట్ చేసి పంపేవాణ్ని. ఇంట్లో తర్వాత చూసుకోవడానికి టీవీ రికార్డు చేసుకోవడం తప్పు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984లోనే తేల్చింది. గుడియాత్తం చెల్లెలి సంగతి ఆ తీర్పులో లేదనుకోండి.

అసలు విషయానికొస్తాను. అప్పటికి అవ్వ కళ్లలో శుక్లాలు. బొమ్మ ఆనేది గానీ అక్షరం ఆనేది కాదు. సినిమాకు పేర్లు పడేటప్పుడు మాత్రం ఆమెకు అన్నీ తెలియాలి, మాటలెవరు, పాటలెవరు, సంగీతమెవరు. “చదువురా అబ్బోడా” అనేది. బళ్లో నేను నేర్చింది తమిళం. (2006లో వచ్చిన చట్టంతో తమిళం అందరికీ తప్పనిసరి అయింది, మా ఇంట్లో దానికి ముందే అయింది.) తెలుగు అక్షరాలు అక్కడొకటి ఇక్కడొకటి తెలుసు, అంతే. టీవీలో అయితే చదివేలోపు పేరు పోయేది. రికార్డు చేసిన దాన్ని ఆపొచ్చు.

ఆపేవాణ్ని. నేను ఆకారం చెప్పాలి, ఆమె అక్షరం చెప్పాలి.

“‘ప’ మాదిరి ఉండాది అవ్వా. పక్కన ఇంకొక వంకీ తిరిగింది. కింద చిన్న గీత.”

“దాని పక్కన?”

“సున్నా. తర్వాత ట. సా. ల.”

“ఘంటసాల రా! ఆ మొదటిది ఘ. గట్టిగా పలుకు, కడుపులోనుంచి రావాల.”

తమిళంలో క, గ, ఘ అన్నింటికీ ఒకటే అక్షరం. కడుపులోనుంచి రావలసిన అక్షరం ఒకటి విడిగా ఉందని నాకు ఆ సినిమా పేర్లే చెప్పాయి. ఒత్తులూ అంతే. నాగేంద్రరావు దగ్గర ద కింద ఆ కొక్కెం ఏమిటో తెలియక చాలాసేపు ఆగిపోయాం, సావిత్రి దగ్గర అదే కొక్కెం మళ్లీ కనబడ్డాక దారి దొరికింది. పాత విజయా వారి సినిమాల్లో పేర్లు చేత్తో రాసినవి, గుండ్రంగా, తీరికగా ఉండేవి. మద్రాసు వడపళనిలోని వాహినీ స్టూడియోలో తయారైన సినిమాలవి. మాకు నూట ముప్పై కిలోమీటర్ల దూరంలో తీసిన సినిమాలోని అక్షరాలు హైదరాబాదు ఛానల్ పట్టుకుని, ఉపగ్రహం మీదుగా మా ఇంటికి రావలసి వచ్చింది!

కొత్త సినిమాలతో ఈ పాఠం సాగేది కాదు. వాటిలో పేర్లు కదులుతూ పోతాయి. ఆపితే అక్షరం అంచులు దువ్వెన పళ్లలా చీలిపోయేవి. ఆ కాలపు టీవీ సెకనుకు ఇరవై అయిదు బొమ్మలు పంపేది, ఒక్కొక్క దాన్ని రెండు సగాలుగా, ముందు ఒక గీత విడిచి ఒక గీత, తర్వాత విడిచిన గీతలు. రెండు సగాల మధ్య అక్షరం జరిగితే రెండూ అతకవు. సాఫ్ట్‌వేర్లో దానికొక మందు ఉందని తర్వాత తెలిసింది. అప్పటికే నేను చందమామ కథలకు వెళ్లిపోయాను.

అవ్వకు వెల్లూరులో కంటి ఆపరేషన్ అయింది. మా కేబుల్‌కు సెట్ టాప్ బాక్స్ వచ్చింది. ఇక ఛానల్ మార్చేది బాక్సే, కార్డు చేసేదేమీ లేదు. 2010 జనవరిలో ‘మాయాబజార్’ రంగులద్దుకుని వచ్చింది, కొన్నాళ్లకు దాన్ని కంప్యూటర్లో పెట్టాను. శశిరేఖ చీర రంగు చూసి అవ్వ మురిసిపోతుందనుకున్నాను. ఆమె ఇంకా అంతదాకా రానివ్వలేదు.

“పేర్లు పడుతుండాయి కదా, ఆపు. చదువు.”

“నీకు ఇప్పుడు బాగా కనిపిస్తుందే అవ్వా?”

“కనిపిస్తుందిలే. నువ్వు చదువు.”