మ్యూజియం ముంగిట చక్రాల మోత

స్కేట్‌బోర్డర్లను దృష్టిలో పెట్టుకుని బార్సిలోనా తన వీధులు కట్టుకోలేదు. అయినా వారి రాజధాని అయింది. ఆ తర్వాత జరిమానాలు వేసింది, పార్కులూ కట్టింది. తెగని ప్రశ్న ఒక్కటే: ఊరి నడుమ ఖాళీ జాగా ఎవరిది?

బార్సిలోనా సమకాలీన కళల మ్యూజియం మక్బా ముందు సాయంత్రం పూట రెండు రకాల జనం కనిపిస్తారు. టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లేవారు కొందరు. ఆ తలుపు వైపు కన్నెత్తి చూడనివారు ఇంకొందరు. ఈ రెండో రకం వారి కాళ్ల కింద ఉండేది నాలుగు చక్రాల చెక్క పలక. పలక తోకను నేలకేసి తన్ని, దానితో సహా గాల్లోకి లేచి, రాతి గట్టు అంచు మీద జారి, మళ్లీ నేల మీద వాలడమే వారి కళ. పదిసార్లలో తొమ్మిదిసార్లు పడతారు. పదోసారి కుదిరితే చుట్టూ కూర్చున్నవారు బోర్డులను నేలకేసి కొడతారు. అక్కడ చప్పట్లంటే అవే.

అమెరికన్ ఆర్కిటెక్ట్ రిచర్డ్ మైయర్ రూపొందించిన ఈ తెల్లటి భవనాన్ని 1995లో తెరిచారు. పాత నగరంలోని ఇరుకు పేట రవాల్‌కు కొత్త ఊపిరి పోయాలన్నది ఉద్దేశం. సందర్శకులు వస్తారనుకున్నారు, వచ్చారు. చక్రాలవారిని మాత్రం ఎవరూ పిలవలేదు. భవనం ముందున్న ‘ప్లాసా’ (ఊరి మధ్య ఖాళీ జాగాను అక్కడ అలాగే అంటారు) వారిని పిలిచింది. నున్నటి రాతి పలకల నేల, మోకాలెత్తు గట్లు, వాహనాల బెడద లేని విశాలం. ఇంతకన్నా వారికి కావలసిందేమీ లేదు.

దీని వెనుక కొంత చరిత్ర ఉంది. 1975లో నియంత ఫ్రాంకో మరణించాక, 1979లో ప్రజలు ఎన్నుకున్న నగర పాలక మండలి వచ్చింది. బహిరంగ స్థలాల కొరతతో ఉక్కిరిబిక్కిరవుతున్న పేటల్లో వరసగా ప్లాసాలు కట్టడం మొదలుపెట్టింది. మట్టి, పచ్చిక తక్కువ, రాయి, కాంక్రీటు ఎక్కువ కావడంతో జనం వాటిని ‘కఠిన ప్లాసాలు’ అన్నారు. సాంట్స్ రైల్వే స్టేషన్ ముందు 1983లో వియాప్లానా, పిన్యోన్ రూపొందించిన ప్లాసా అందుకు పేరుమోసిన ఉదాహరణ. కింద రైలు మార్గాలు ఉండటం వల్ల చెట్లు, బరువైన కట్టడాలు పెట్టే వీల్లేకపోయింది. నీడ కోసం వెతుక్కునే వృద్ధులకు ఆ బోసి నేల నచ్చలేదు. చక్రాలకు అదే స్వర్గమైంది.

ఈ తేడా పాదచారులకు తెలియదు. నగరం కాలిబాటలు చాలా వరకు ‘పనోత్’ అనే 20 సెంటీమీటర్ల చదరపు సిమెంటు పలకలతో కట్టినవి. పలక మీద గాళ్లుంటాయి కనుక చిన్న చక్రం దాని మీద గడగడలాడుతుంది. ప్లాసాలోకి రాగానే ఆ మోత తగ్గి జారుడు మొదలవుతుంది. బోర్డు మీద తిరిగేవాడు కళ్లు మూసుకున్నా ఎక్కడున్నాడో అరికాళ్లతో చెప్పగలడు.

1992 ఒలింపిక్స్ ఫ్యాక్టరీలు, రైలు పట్టాలు అడ్డుపడిన సముద్ర తీరాన్ని నగరానికి తిరిగి ఇచ్చాయి. 2004లో జరిగిన సంస్కృతుల మహాసభ కోసం తీరం తూర్పు కొసన ‘ఫోరం’ పేరిట మరో విశాలమైన కాంక్రీటు మైదానం వెలిసింది. ఉత్తర ఐరోపా మంచులో కూరుకుపోయే నెలల్లోనూ ఇక్కడ ఎండ కాస్తుంది. వెరసి, 2000 నాటికే స్కేట్ వీడియోల్లో ఈ వీధులు కనిపించసాగాయి. 2004లో వచ్చిన ‘టోనీ హాక్స్ అండర్‌గ్రౌండ్ 2’ వీడియో గేమ్‌లో బార్సిలోనా ఒక అంకమే అయింది.

చక్రాలకు చరిత్ర పట్టదు గానీ, అది వాటి కిందే ఉంటుంది. పరలెల్ వీధిలో మూడు ఎత్తయిన పొగగొట్టాల నీడన ఉన్న స్థలం ఏళ్ల తరబడి వారి అడ్డా. ఆ గొట్టాలు ఒకనాటి విద్యుత్ కేంద్రానివి. ఆ కంపెనీలో 1919లో మొదలైన సమ్మె 44 రోజులు సాగి, స్పెయిన్‌లో ఎనిమిది గంటల పనిదినం చట్టం కావడానికి దారితీసింది. కార్మికులు పోరాడి సంపాదించిన తీరిక వేళను కుర్రకారు అక్కడే ఖర్చు చేసింది.

అయితే ఆ తీరిక వేళే ఇరుగుపొరుగుకు నిద్ర వేళ. రవాల్ ఇళ్ల బాల్కనీలు ప్లాసా మీదికే తెరుచుకుంటాయి. పలక రాతికి తగిలిన ప్రతిసారీ టపాకాయ పేలినట్టుంటుంది. జారడం కోసం మైనం రాయడంతో గట్లు నల్లబడతాయి, అంచులు చిట్లుతాయి. 2006లో అమల్లోకి వచ్చిన సహజీవన నిబంధనలు బెంచీలు, మెట్లు, రెయిలింగుల మీద స్కేటింగ్‌ను నిషేధించాయి. ఆ తర్వాత నగర పోలీసులు రావడం, కుర్రాళ్లు పలకలు చంకన పెట్టుకుని సందుల్లోకి మాయం కావడం మామూలైంది.

నిషేధం పని చేయలేదని తేలాక నగరం మరో దారి పట్టింది. 2013లో ఎక్స్ గేమ్స్‌కు ఆతిథ్యమిచ్చింది. 2014లో మార్ బెల్లా బీచ్ పక్కన స్కేట్‌పార్క్ తెరిచింది. పొరుగున ఉన్న బదలోనా పట్టణంలో 2015లో ‘స్కేట్ అగోరా’ వెలిసింది. పోబ్లెనౌ మెట్రో స్టేషన్‌లో దిగి సముద్రం వైపు నడిస్తే మార్ బెల్లా వస్తుంది. నునుపైన కాంక్రీటు వాలులు, గట్లు, ఉప్పు గాలి. కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఇంతకంటే మంచి బడి దొరకదు. పోలీసు వస్తాడన్న బెంగ లేదు.

అయినా చీకటి పడేసరికి చాలామంది మక్బాకే చేరతారు. పార్కులో ప్రతి వంపూ ఈ ఆట కోసమే పుట్టింది. ప్లాసాలో గట్టు కూర్చోవడానికి, మెట్టు ఎక్కడానికి పుట్టాయి. వాటిని మరో పనికి ఒప్పించడంలోనే మజా. పైగా పార్కులో చూసేవారూ ఆడేవారే. ప్లాసాలో సరుకులు మోసుకెళ్లే గృహిణి కూడా ఒక్క క్షణం ఆగి చూస్తుంది.

నిజానికి ఆ జాగా కోసం పోటీ పడేది చక్రాలొక్కటే కాదు. రవాల్‌లో పాకిస్తానీ, బంగ్లాదేశీ, భారతీయ కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వారి పిల్లలకు ఆట అంటే క్రికెట్. 2021లో 3 కోట్ల యూరోల నిధులను ఏ పనులకు వెచ్చించాలో చెప్పమని నగరం పౌరులను ఓటు అడిగితే, ఎక్కువగా దక్షిణాసియా కుటుంబాల అమ్మాయిలు ముందుండి ప్రతిపాదించిన క్రికెట్ మైదానం మొదటి స్థానంలో నిలిచింది. ఫుట్‌బాల్ తప్ప వేరే మతం లేదనిపించే ఊళ్లో అది చిన్న విషయం కాదు. ఆ మైదానాన్ని కేటాయించింది మాత్రం రవాల్‌లో కాదు, మోంట్‌జూయిక్ కొండ మీద.

ఇక మ్యూజియానికీ చోటు చాలడం లేదు. విస్తరణ కోసం ప్లాసాలో కొంత భాగం తీసుకోవాలన్న ప్రణాళిక రాగానే పేట వాసులు అభ్యంతరం చెప్పారు. పిల్లలు ఆడుకోవడానికి ఉన్న కాస్త జాగా కూడా పోతుందన్నది వారి వాదన. చక్రాల మోతకు కిటికీలు మూసుకున్న పేట, ఖాళీ జాగా విషయానికొచ్చేసరికి చక్రాలవారి పక్షానే నిలిచినట్టయింది.

బార్సిలోనా వెళ్లినవారు గౌడీ కట్టిన చర్చి ముందు గంటలు నిలబడతారు. ఒక గంట మక్బా గట్టు మీద కూర్చుంటే ఆ నగరం మరోలా కనిపిస్తుంది. పడటం, లేవడం, పలక వెతుక్కోవడం, మళ్లీ పరిగెత్తడం. పై అంతస్తులో ఎవరో కిటికీ విసురుగా మూస్తారు. కింద ఒక పసివాడు తల్లి చేయి విడిపించుకుని, దొర్లిపోతున్న పలక వెంట పడతాడు.