కీలు చెప్పే కబురు

విశాఖపట్టణం పేరు వినగానే ఓడలు, ఉక్కు కొలుములు కళ్లముందు మెదలుతాయి. అక్కడ నౌకాశ్రయం 1933లో ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. ఓడ దింపిన సరుకునూ, కర్మాగారంలో తయారైన ఉక్కు చువ్వలనూ ఊరూరికి చేరవేసే లారీని మాత్రం ఎవరూ అంతగా తలచుకోరు. ఆ లారీ అడుగున ఎవరి కంటా పడకుండా గిర్రున తిరిగే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను తలచుకొనేవారు మరీ అరుదు.

లారీకి ఇంజను ముందుంటుంది, బండిని నడిపే చక్రాలు వెనుక ఉంటాయి. గేరుబాక్సు నుండి బయలుదేరిన శక్తిని వెనుక ఇరుసుకు అందించేది ఈ బోలు ఉక్కు గొట్టమే. గేరుబాక్సు చట్రానికి బిగిసి ఉంటుంది. ఇరుసు గతుకు వచ్చినప్పుడల్లా పైకీ కిందికీ ఊగుతుంది. నిలకడగా ఉన్నదానికీ ఊగేదానికీ పొత్తు కుదర్చాలంటే వంగగల కీలు కావాలి. అదే యూనివర్సల్ జాయింట్. 17వ శతాబ్దిలో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ దీని కదలికను పరిశీలించి వర్ణించాడు. మేస్త్రీలు మాత్రం దాని నడుమ ఉండే శిలువ ఆకారపు ముక్కనుబట్టి ‘క్రాస్’ అంటారు. పొట్టిదైనా ఆ పేరే మేలు. నాలుగు కొనలకు నాలుగు చిన్న గిన్నెలు, వాటిలో సూదులవంటి బేరింగులు, ఆ సూదులు ఒరుసుకోకుండా కాస్త గ్రీజు. టన్నులకొద్దీ బరువును లాగే శక్తి అంతా ఈ చిన్న ముక్క మీదుగానే సాగిపోవాలి.

గ్రీజు ఎండినా, సీలు చిరిగి వాననీరు చేరినా సూదులు అరగడం మొదలవుతుంది. తీరపు ఉప్పుగాలి తుప్పుకు తోడవుతుంది. అయితే క్రాస్ సాధారణంగా చెప్పకుండా విరగదు. ముందు కీచుమంటుంది. బండి మెల్లగా కదులుతున్నప్పుడు పిచ్చుక అరుపువంటి సన్నని శబ్దం లయగా వినిపిస్తుంది. షాఫ్ట్ చక్రంకన్నా ఎన్నో రెట్లు వేగంగా తిరుగుతుంది గనుక, చక్రం ఒక్క చుట్టు తిరిగేలోగా ఆ శబ్దం పలుమార్లు వస్తుంది. తరువాతి దశలో, గేరు వేసి క్లచ్ వదలగానే అడుగున ‘టక్’మంటుంది. ఇంకా ఉపేక్షిస్తే వేగం పెరిగినకొద్దీ బండి అంతా వణుకుతుంది. చాలామంది ఆ వణుకును రోడ్డు మీదకు నెడతారు; రోడ్డు బాగున్న చోట కూడా వణికితే ఆ సాకు చెల్లదు.

కంటికి కనిపించే గుర్తు గిన్నెల చుట్టూ పేరుకొనే ఎర్రని పొడి. ఇనుప ఖనిజం ఎగుమతయ్యే రేవులో ఎర్రదుమ్ము కొత్త కాదు కాబట్టి దానిని పట్టించుకోకపోవడం సులువు. గుడ్డతో తుడిచి, దుమ్ములేని దారిలో రెండు రోజులు తిరిగాక చూడాలి. మళ్లీ అక్కడే ఎర్రబడితే అది లోపలి నుండి వచ్చిన తుప్పు. ఇంజను ఆపి, సమతల నేలపై చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు పెట్టి, షాఫ్ట్‌ను చేత్తో పట్టుకొని పైకీ కిందికీ ఊపాలి. గిన్నెలో క్రాస్ కదిలిందంటే దాని ఆయువు తీరినట్లే.

ఈ పరీక్ష విలువ అనంతగిరి ఘాటు దిగేవారికి బాగా తెలుస్తుంది. అరకు నుండి కిందికి వచ్చేటప్పుడు డ్రైవరు చిన్న గేరులో ఉంచి, ఇంజనుతోనే బండి వేగాన్ని అదుపు చేస్తాడు. ఆ క్షణంలో క్రాస్ విరిగితే ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. భారమంతా అప్పటికే వేడెక్కిన బ్రేకుల మీద పడుతుంది. తెగిన షాఫ్ట్ విసురుగా కొట్టుకొని బ్రేకు గొట్టాలను దెబ్బతీయవచ్చు. ముందుకొన ఊడితే నేలకు గుచ్చుకొని బండినే ఎత్తివేయవచ్చు.

ఇంత తెలిసినా డ్రైవరు ‘ఈ ఒక్క ట్రిప్పు కానీ’ అనుకోవడానికి కారణం అజ్ఞానం కాదు. బండి షెడ్డులో ఉన్న రోజు చాలామందికి బత్తా రాదు. శబ్దం విన్నవాడికీ బాగుచేయించాలని నిర్ణయించేవాడికీ నడుమ ఉన్న ఈ దూరాన్ని ఏ గ్రీజూ తగ్గించలేదు. క్రాస్ ఖరీదు ఒక రోజు కిరాయితో పోలిస్తే చాలా తక్కువని యజమాని గ్రహిస్తే తప్ప ఆ బండి ఆగదు.

విప్పే ముందు షాఫ్ట్ భాగాల మీద సుద్దతో గుర్తు పెట్టి, తిరిగి అదే గుర్తుకు బిగించాలి. రెండు చివరల కీళ్లు ఒకే వరుసలో లేకుంటే ఒకదాని కుదుపును మరొకటి సరిచేయలేదు. కొత్త క్రాస్ వేసినా వణుకు పోలేదంటే, ముందుగా చూడవలసింది ఆ సుద్దగుర్తునే.