ఎనభై ఏడో వంతు

హెచ్‌ఓ స్కేలంటే అసలులో 87వ వంతు. ఆ కొలతలో జర్మన్, అమెరికన్ స్టేషన్లు కిట్లుగా డబ్బాల్లో దొరుకుతాయి. గుంటూరు–గుంతకల్లు మీటరుగేజీ లైన్లో నాన్న పనిచేసిన చిన్న స్టేషన్ దొరకదు. లైను బ్రాడ్‌గేజీ అయ్యాక ఆ పాత కట్టడమూ లేదు. అందుకే తెల్లటి స్టైరీన్ షీట్లు కొన్నాను.

స్టైరీన్‌ని పూర్తిగా కోయక్కర్లేదు. స్టీలు స్కేలు ఆనించి కత్తితో రెండు మూడు గాట్లు పెట్టి వంచితే టక్కున విరుగుతుంది. దాన్ని అతికించేది జిగురు కాదు, ద్రావకం. అంచుల్ని కరిగించి, రెండు ముక్కల్నీ ఒకటి చేసేసి, తను ఆవిరైపోతుంది.

చిక్కంతా కొలతలతోనే. ప్లాను లేదు, ఉన్నది ఒక్క ఫోటో. నాన్ననడిగితే అడుగుల్లో చెప్పరు. "టికెట్ కిటికీ నా ఛాతీ దాకా వచ్చేది. లోపలి కిటికీలో లాంతరు పెట్టినా ఇంకా చోటు మిగిలేది, గోడ అంత మందం."

అంటే అడుగున్నర గోడ అనుకున్నాను. 457 మిల్లీమీటర్లు, నా బల్ల మీద ఐదుంపావు. ఒక మిల్లీమీటరు షీటు ఏం సరిపోతుంది? మధ్యలో ఖాళీ వదిలి రెండు షీట్లు నిలబెట్టాను. అప్పుడొచ్చింది కిటికీకి లోతు.

నాన్న కళ్ళజోడు సర్దుకుని చూశారు. "రాత్రి బండి వచ్చేదాకా ఇక్కడే కూర్చునేవాణ్ణి" అన్నారు. ఉద్యోగం గురించి ఇంట్లో ఏనాడూ మాట్లాడని మనిషి. ఇప్పుడు రోజుకో కొలత గుర్తు చేసుకుంటున్నారు.

గోడలు నాలుగూ అయిపోయాయి. పైకప్పు మాత్రం ఇంకా అతికించలేదు.