డెలివరీ డ్రైవరు ఇంటర్వ్యూకు ముందు వేసుకోవాల్సిన లెక్క

డెలివరీ డ్రైవరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటే మొదట కాగితాల తనిఖీ, ఆ తర్వాతే మాటలు. డ్రైవింగ్ లైసెన్సు, ఆధార్, పాన్, బ్యాంకు పాసుబుక్కు చూస్తారు. సొంత బండితో చేరేవారిని ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. లైసెన్సు, ఆర్సీ డిజిలాకర్‌లో చూపించినా రోడ్డు మీద చెల్లుతాయి. ప్యాకెట్లు పంచే హబ్బులో మాత్రం జిరాక్సులు అడగడమే ఎక్కువ కాబట్టి రెండు సెట్లు తీసి ఉంచుకోవాలి. అసలు చిక్కు పేర్లతో వస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, పాన్‌లో పొడి అక్షరంగా ఉండటం తెలుగువాళ్ల కాగితాల్లో మామూలే. ఈ తేడా జీతం ఖాతాలో పడేటప్పుడో, పీఎఫ్ తీసుకునేటప్పుడో బయటపడి నెలల తరబడి తిప్పుతుంది. దాన్ని ముందే సరిచేయించుకుంటే ఆ తిరుగుడు తప్పుతుంది.

వ్యాను నడపాలంటే లైసెన్సు మీద ట్రాన్స్‌పోర్టు ఎండార్స్‌మెంటు, అంటే జనం మాటలో బ్యాడ్జీ, తప్పదని ఇప్పటికీ చెబుతుంటారు. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దీన్ని తేల్చింది. లోడుతో కలిపి 7,500 కిలోలు దాటని వాహనానికి లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు చాలు. టాటా ఏస్, బొలెరో పికప్ ఈ పరిమితిలోనివే. అయినా కొన్ని కంపెనీలు తమ సొంత నియమంగా బ్యాడ్జీ అడుగుతూనే ఉన్నాయి. ఏజెంటు చేతిలో వేలు పోసే ముందు కంపెనీకి ఒక ఫోను చేయడం తెలివైన పని.

కట్టని చలాన్లు ఉంటే చూసుకుని తీర్చేయాలి. తెలంగాణలో 2022లోనూ, 2023 డిసెంబరులోనూ పాత చలాన్లపై పెద్ద రాయితీలిచ్చారు. మళ్లీ ఇస్తారని కూర్చునేవాళ్లు తక్కువేమీ కాదు గానీ, బండి నంబరు కొట్టి చూసే సూపర్‌వైజరు అంతకాలం ఆగడు.

ప్రశ్నలు పెద్ద కష్టంగా ఉండవు. ఏ ఏరియాలు తెలుసు, అడ్రసు దొరకకపోతే ఏం చేస్తారు, కస్టమరు డబ్బు ఇవ్వనంటే ప్యాకెట్టు ఏం చేస్తారు, రోజుకు ఎన్ని డ్రాపులు చేయగలరు? ఈ చివరిదానికి గొప్పకు పోయి పెద్ద సంఖ్య చెబితే అదే రేపు టార్గెట్టవుతుంది. తెలిసిన ఏరియాలో ఒక రోజు బండి మీద తిరిగి చూసుకుని చెప్పే సంఖ్యకు విలువ ఉంటుంది.

జీతం మాట వచ్చినప్పుడు అభ్యర్థి ఆరా తీయాల్సింది బండి ఎవరిది, పెట్రోలు ఎవరిది, దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది అన్న సంగతులు. నెలకు 20 వేలు ఇస్తామని, బండీ పెట్రోలూ డ్రైవరువేనని చెప్పారనుకుందాం. రోజుకు 100 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు అంటే 2,600 కిలోమీటర్లు. లీటరుకు 50 ఇచ్చే బండికి 52 లీటర్లు కావాలి. లీటరు 107 రూపాయలు వేసుకుంటే పెట్రోలుకే 5,564. సర్వీసింగు, ఆయిలు, టైర్లు, చైను, బ్రేకులకు నెలకు 900 అనుకోవచ్చు. ఇక ఎవరూ లెక్కలోకి తీసుకోనిది బండి అరుగుదల. 90 వేలకు కొన్న బండిని ఇలా రెండేళ్లు తిప్పి 40 వేలకు అమ్మితే పోయిన 50 వేలు నెలకు 2,083 చొప్పున పడతాయి. మూడూ కలిపితే 8,547 రూపాయలు, అంటే కిలోమీటరుకు దాదాపు 3 రూపాయల 29 పైసలు. 20 వేల జీతంలో నికరంగా మిగిలేది 11,453.

దీని పక్కన 16 వేలకు కంపెనీ వ్యాను నడిపే ఉద్యోగాన్ని పెట్టి చూడాలి. పీఎఫ్‌కు లెక్కించే వేతనం 15 వేలు అనుకుంటే 12 శాతం కింద 1,800, ఈఎస్ఐ కింద 0.75 శాతం చొప్పున 120 పోయి చేతికి 14,080 వస్తుంది. కోసిన 1,800 డ్రైవరు పీఎఫ్ ఖాతాలోనే ఉంటుంది. యజమాని వేసే మరో 1,800లో 1,250 పెన్షనుకు, 550 పీఎఫ్‌కు చేరతాయి. నెలజీతం 21 వేలు దాటనివారికి వర్తించే ఈఎస్ఐ వల్ల ఇంటిల్లిపాదికీ వైద్యం దొరుకుతుంది. పైకి నాలుగు వేలు తక్కువగా కనిపించే ఉద్యోగమే నిజానికి ఎక్కువిస్తోంది. అయితే ఆ 16 వేలు యజమాని వాటా పోగా చెప్పిన సంఖ్యా, కలిపి చెప్పిందా అని అడిగి తీరాలి. మొహమాటానికి పోతే మొదటి జీతం రోజున తెలుస్తుంది.

సొంత బండి వాడేవారు ఇన్సూరెన్సు పాలసీని ఒకసారి తిరగేయాలి. ప్రైవేటు ద్విచక్ర వాహన పాలసీలో వాడకానికి పరిమితులు రాసి ఉంటాయి. కిరాయికి తిప్పడం, సొంత సామాను కాక ఇతర సరుకు మోయడం మామూలుగా వాటి బయటే ఉంటాయి. కాబట్టి ప్యాకెట్లతో వెళ్తుండగా ప్రమాదం జరిగితే క్లెయిము తిరస్కరించే అవకాశం ఉంది. కంపెనీ తరఫున ప్రమాద బీమా ఉందా, ఎంతకు ఉంది, డ్యూటీ అయ్యాక ఇంటికి వచ్చే దారికి కూడా వర్తిస్తుందా అన్నవి ఇంటర్వ్యూలోనే అడగదగ్గ విషయాలు.

క్యాష్ ఆన్ డెలివరీ సొమ్ము సాయంత్రం అప్పజెప్పేటప్పుడు తగ్గితే జీతంలో కోస్తారు. వేతనాల చట్టం ప్రకారం ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల పోయిన దాన్నే కోయాలి, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇచ్చాకే కోయాలి. మొత్తం కోతలు మామూలుగా జీతంలో సగం దాటకూడదు. డ్రైవరును ఉద్యోగిగా కాక ‘పార్ట్‌నర్’గా చేర్చుకునే యాప్‌లలో ఈ రక్షణ ఇదే రూపంలో దొరకదు. పీఎఫ్, ఈఎస్ఐలూ ఉండవు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం యాప్ కంపెనీలు తమ టర్నోవరులో 1 నుంచి 2 శాతం గిగ్ కార్మికుల నిధికి ఇవ్వాలి. దాని ప్రయోజనాలు అందుకోవాలంటే ఈ-శ్రమ్‌లో పేరు నమోదై ఉండాలి. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో గిగ్ కార్మికులకు 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. కంపెనీ చెల్లింపుల్లో టీడీఎస్ పట్టుకుంటే, ఆదాయం పన్ను పడేంత లేనివారు రిటర్ను వేసి ఆ సొమ్మును వెనక్కి తెచ్చుకోవచ్చు. అంత చిన్న మొత్తానికి ఎవరు తిరుగుతారని వదిలేసేవాళ్లే ఎక్కువ.

బ్యాగుకూ టీషర్టుకూ డబ్బు అడిగితే అది వాపసు వచ్చేదో కాదో కాగితం మీద ఉండాలి. ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగేవారి దగ్గర ఇంటర్వ్యూకే వెళ్లనక్కర్లేదు.

నెలజీతం పద్ధతిలో తొలి జీతం వచ్చేసరికి నెల దాటిపోతుంది. ఈలోగా పెట్రోలుకు పైన చెప్పిన 5,564, ఇంటి ఖర్చుకు మరో నెల సరిపడా చేతిలో ఉండాలి. లేనివారు వారం వారం చెల్లించే చోటు వెతుక్కోవచ్చు, లేదా అడ్వాన్సు దొరుకుతుందేమో చేరేటప్పుడే అడగవచ్చు. ఉద్యోగం ఖాయమవుతుందని ముందే కొత్త బండి తీసుకోవడం తొందరపాటు. లక్ష రూపాయలు 12 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెలకు 3,321 కట్టాలి. పైన మిగిలిందన్న 11,453లో ఈ కిస్తీ లేదు. మొదటి రెండు మూడు నెలలు ఇంట్లో ఉన్న పాత బండితో నడిపి, రోజూ తిరిగిన దూరం, పోసిన పెట్రోలు ఒక పుస్తకంలో రాసుకుంటే, కొత్త బండి ఆ జీతంలో గిట్టుతుందో లేదో ఆ పుస్తకంలోనే కనిపిస్తుంది.