మైనస్ 74



ఈమధ్య ఫోన్ చేసిన ప్రతివాళ్లూ అడిగే సవాల్ ఒకటే. "భాయ్, ఛత్ మీద తెల్ల డబ్బా పెట్టి వైఫై ఇస్తామంటున్నారు. పెట్టించుకోవచ్చా? వానొస్తే పోతుందంట కదా?" 2023లో ఎయిర్‌టెల్, జియో వాళ్లు ఎయిర్‌ఫైబర్ మొదలుపెట్టినప్పటి నుంచి మన ఇళ్లలో ఇదే మాట. పెట్టించుకోండి, దాందేముంది. కానీ వానకి పోతుందా అన్నదానికి జవాబ్ చెప్పాలంటే మాత్రం నేను నా గలతీ ఒకటి చెప్పుకోవాలి. ఇంట్లోవాళ్లకి తప్ప బయట ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్లూ.

నా పని రేడియోలు బిగించడం. పాటలు వినే రేడియో కాదు. కేబుల్ వెళ్లని చోటికి ఇంటర్నెట్‌ని గాలిలో పంపే డిష్. ఊళ్లో ఎత్తైన డాబా మీద ఒకటి, కస్టమర్ ఇంటి మీద ఒకటి. రెండూ ఒకదాని ముఖం ఒకటి సూటిగా చూసుకోవాలి. నర్సాపురం, పాలకొల్లు, రాజోలు చుట్టుపక్కల ఒక చిన్న ఇంటర్నెట్ ఆఫీసు తరఫున ఏళ్ల తరబడి ఇదే చేశాను. ఎక్కని మేడ లేదు, తాగని టీ లేదు.

ఈ హునర్ మన వైపుకి కొత్తేం కాదు. నేను డిప్లొమా చదివే రోజుల్లో భీమవరం చుట్టుపక్కల పల్లెల్లో సన్నటి టవర్లు లేచాయి. బైర్రాజు ఫౌండేషన్ వాళ్ల 'అశ్విని' ప్రాజెక్టు అది. ఇంట్లో వాడే వైఫైనే పెద్ద యాంటెన్నాలకి తగిలించి, కిలోమీటర్ల దూరం పంపి, పల్లెలో కూర్చున్నవాళ్లకి డాక్టర్నీ టీచర్నీ వీడియోలో చూపించారు. భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు అనే ఇద్దరు ప్రొఫెసర్లు 2007లో ఈ సంగతుల మీద ఒక వ్యాసం రాశారు. కాన్పూర్ ఐఐటీ వాళ్ల ప్రయోగంతో పాటు మన పశ్చిమ గోదావరి ముచ్చట కూడా అందులో ఉంటుంది. అప్పట్లోనే తేలిన విషయం ఏమిటంటే, రేడియో ఖర్చు పెద్దది కాదు, దాన్ని ఎత్తున నిలబెట్టే టవర్‌దే అసలు ఖర్చు. కొబ్బరితోటల మధ్య పనిచేసేవాడికి ఈ మాట ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక గవర్నమెంటు ఇజాజత్. 2.4 గిగాహెర్ట్జ్‌ని 2005లో లైసెన్స్ అక్కర్లేకుండా వదిలారు. 5 గిగాహెర్ట్జ్‌లో ఎక్కువ భాగం ఆరుబయట వాడుకోవడానికి 2018 అక్టోబర్‌లో వదిలారు. లైసెన్స్ లేదంటే హద్దు లేదని కాదు. 5.8లో డిష్ ముఖం నుంచి బయటికి పోయే బలం లెక్క ప్రకారం 4 వాట్లు దాటకూడదు. 25 డీబీఐ డిష్ అయితే రేడియో పవర్‌ని 11 డీబీఎమ్‌కి దించాలి. చాలామంది దించరు. అందరూ గట్టిగా అరిస్తే ఎవడి మాటా ఎవడికీ వినపడదని వాళ్లకి చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది.

సరే, అసలు సంగతికి వస్తాను.

మా చిన్న ఖాలా ఇల్లు సఖినేటిపల్లి వైపు, వశిష్ఠ గోదావరి ఏటిగట్టుని ఆనుకుని ఉంటుంది. నర్సాపురం రేవులో పంటు ఎక్కి దాటాలి. అదే మండలంలో మోరి గ్రామానికి 2016 ఆఖర్లోనే ఇంటింటికీ ఫైబర్ వచ్చిందని పేపర్ల నిండా ఫొటోలు వచ్చాయి. ఖాలా వాళ్ల గట్టు దాకా మాత్రం ఆ తీగ రాలేదు. ఖాలూ కువైట్‌లో డ్రైవర్. 2020లో లాక్‌డౌన్ వచ్చాక ఆయనకి పని ఆగిపోయింది, జీతం ఆగిపోయింది, రావడానికి విమానం లేదు. ఇక్కడ ఖాలా లేసు అల్లి ఇల్లు నెట్టుకొచ్చేది. చెల్లెలు, అంటే ఖాలా కూతురు, బీటెక్ ఆఖరి సంవత్సరం. క్లాసులన్నీ ఆన్‌లైన్. ఫోన్‌లో సిగ్నల్ ఒక్క గీత. ఆ గీత కోసం గట్టు మీద గొడుగేసుకుని నిలబడి పాఠం వినేదిట. ఖాలా ఇది చెప్పి ఏడవలేదు. "చూడు బేటా, ఏమైనా అవుతుందేమో" అంది, అంతే.

ఆగస్టులో వెళ్లాను. ఇంట్లో ముందుగానే రెండు రేడియోలూ బల్ల మీద పెట్టి సెట్ చేసుకున్నాను. ఎప్పుడూ అలాగే చేయాలి. గోడెక్కి కూర్చుని సెట్టింగులు చేయడం మూర్ఖత్వం. లాప్‌టాప్ తగిలించి 192.168.1.20 తెరిచి, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ ముందు మార్చి, దేశం ఇండియా పెట్టి, నర్సాపురం దాన్ని యాక్సెస్ పాయింట్‌గా, ఖాలా ఇంటిదాన్ని స్టేషన్‌గా చేశాను. ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్. 40 పెడితే స్పీడు ఎక్కువ కనిపిస్తుంది గానీ పక్కవాళ్ల గోల కూడా అంతే ఎక్కువ వస్తుంది. దూరం 4 కిలోమీటర్లు. ఈ అంకె తప్పు పెడితే, మనం పంపిన మాట అందిందని అవతలి నుంచి కబురు వచ్చేలోపే రేడియో తొందరపడి మళ్లీ పంపుతుంది, లింకు నత్తలా నడుస్తుంది.

తర్వాత కాగితం మీద హిసాబ్ వేశాను. 4 కిలోమీటర్లు, 5.8 గిగాహెర్ట్జ్, గాలిలో పోయేది 120 డీబీ. బయల్దేరేది 36. అవతలి డిష్ 25 కలుపుతుంది. ఖాలా ఇంట్లో మైనస్ 59 రావాలి. ఈ లెక్కలో అంకె సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. ఆ కాగితం చెల్లెలికి ఇచ్చి, "కింద లాప్‌టాప్ చూస్తూ నాకు అంకెలు చెప్పు" అన్నాను.

అడ్డం ఏమీ లేదనుకున్నాను. ఏటి మీదుగా ఏటవాలుగా దారి. నీళ్ల మీద ఏం అడ్డం ఉంటుంది? కానీ మన కంటికి కనిపించేది దారం లాంటి సూటి గీత, రేడియోకి కావాల్సింది సొరకాయ లాంటి దారి. రెండు కొసల దగ్గర సన్నం, నడుమ లావు. ఈ దూరానికి నడుమ చుట్టూ 7 మీటర్లు. ఇంటి దగ్గర, ముప్ఫై మీటర్ల దూరంలో, మీటరు పావు చాలు. సరిగ్గా అక్కడే పక్కింటి బాబాయిగారి దొడ్లో రెండు కొబ్బరిచెట్లు. ఎత్తుకి పోతే మంచిదని శ్లాబు మీద ఇరవై అడుగుల జీఐ పైపు నిలబెట్టాను. డిష్ పోయి తిన్నగా మట్టల ఎదురుగా కూర్చుంది.

బాబాయిగారు కింద నుంచి చూస్తూనే ఉన్నారు. "ఏం బాబూ, మా చెట్లేవైనా అడ్డవా? దింపోణ్ణి పిలిచి మట్టలు కొట్టించేస్తానండి."

"అక్కర్లేదు బాబాయిగారూ."

డిష్ తిప్పుతున్నాను. కింద నుంచి చెల్లెలు అరుస్తోంది: 85, 81, 76, 74. మళ్లీ 77. వెనక్కి తిప్పితే మళ్లీ 74. అటు తిప్పినా ఇటు తిప్పినా పడిపోతోంది, అంటే శిఖరం ఇదే అనిపిస్తుంది. కానీ అది శిఖరం కాదు. టార్చిలైటు గోడ మీద వేస్తే నడుమ వెలుగు గుండ్రం, దాని చుట్టూ మసక వలయం ఒకటి ఉంటుంది చూశారా, అదన్నమాట. డిష్‌కి కూడా ఆ వలయం ఉంటుంది. దాన్లో చిక్కుకుంటే లింకు వస్తుంది, ఇంటర్నెట్ నడుస్తుంది, అయినా మనం చూడాల్సిన చోటు చూడటం లేదు. మైనస్ 59కీ 74కీ మధ్య తేడా పదిహేను అంకెలే అనుకోకండి. సిగ్నల్ ముప్ఫై రెట్లు తక్కువ.

ఇది నాకు తెలుసు. కొత్త కుర్రాళ్లకి నేర్పేవాణ్ణి నేనే. బోల్టు వదులు చేసి, డిష్‌ని ఎడమ నుంచి కుడికి పూర్తిగా ఒకసారి, పైనుంచి కిందికి ఒకసారి తుడిచినట్టు తిప్పాలి. అరగంట పని. మగ్రిబ్ అవుతోంది, పంటు వెళ్లిపోతుంది, కాళ్లు పైపు మీద వణుకుతున్నాయి. కింద స్పీడు 18 చూపిస్తోంది. ఖాలా అప్పటికే కువైట్‌కి వీడియో కాల్ కలిపి, ఖాలూ ముఖం కనిపిస్తుంటే దుపట్టాతో కళ్లొత్తుకుంటోంది.

చెల్లెలు కాగితం పట్టుకుని వచ్చింది. "భాయ్‌జాన్, నువ్వు 59 రాశావు. ఇక్కడ 74 ఉంది."

"కాగితం వేరు, ఛత్ వేరురా" అని నట్లు బిగించేసి దిగిపోయాను.

రెండు నెలలు బాగానే నడిచింది. అక్టోబర్‌లో చెల్లెలికి హైదరాబాద్ కంపెనీ ఒకటి ఇంటర్వ్యూ ఇచ్చింది. రాత పరీక్ష గట్టెక్కింది, ఇక వీడియోలో మాట్లాడటమే. 12వ తారీఖు. ఆ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. వాయుగుండం 13 పొద్దున కాకినాడ దగ్గర తీరం దాటింది. ముందు రోజంతా మనవైపు వానా గాలీ. ఇంటర్వ్యూ మొదలై పేరూ ఊరూ అడిగేలోపు చిత్రం ఆగిపోయింది. మళ్లీ కలిసింది, మళ్లీ ఆగింది. మూడోసారి కలిసేసరికి అవతల ఎవరూ లేరు.

ఖాలా ఫోన్ చేసింది. కోపంగా కాదు. "ఏమైంది బేటా?"

"కొబ్బరాకులు తడిసిపోయాయి ఖాలా, అందుకే" అన్నాను.

అది పూర్తి ఝూట్ కాదు. చాలామందికి తెలియని సంగతి ఇక్కడ చెప్పాలి. 5.8 గిగాహెర్ట్జ్‌లో వాన సిగ్నల్‌ని పెద్దగా తినదు. నాలుగు కిలోమీటర్లకి గట్టి వానలో కూడా ఒకటో రెండో డీబీ. తినేది తడిసిన ఆకు. నీళ్లు కారే కొబ్బరిమట్ట గాలికి ఊగుతూ దారిలోకి వస్తుంటే పది, పన్నెండు సులువుగా పోతాయి. 74లోంచి పన్నెండు పోతే 86, లింకు చచ్చింది. అదే 60ల్లో ఉండి ఉంటే? ఆకులు తడిసినా, గాలి కొట్టినా ఆ పిల్ల మాట్లాడేసి ఉండేది. ఆకు తిన్నది పన్నెండు. నేను ఆగస్టులోనే తినేసింది పది పైన. నేను ఫోన్‌లో చెప్పింది ఆకు సంగతి ఒక్కటే.

వాన తగ్గాక మూడోరోజు వెళ్లాను. పంటు దిగి గట్టు మీద నడుస్తుంటే దూరం నుంచే కనపడింది. బాబాయిగారి దొడ్లో ఒక మనిషి, భుజాన తాడు, చేతిలో గొడ్డలి. మట్టలు కొట్టడానికి కాదు. చెట్టే కొట్టించేస్తున్నారు.

"ఆయ్, ఇంక ఒద్దండి ఇయ్యి" అన్నారు బాబాయిగారు నన్ను చూసి. "పిల్ల ఉద్యోగం పోయిందంట కదా మా చెట్ల వల్ల. మీ ఖాలాగారు వద్దనే అంటన్నారు. నాకే నిద్ర పట్టట్లేదు బాబూ."

ఆ చెట్లు 1996 నవంబర్ తుఫాన్‌లో ఆయన తోట మొత్తం పడిపోయాక మళ్లీ నాటినవి. ఆ తుఫాన్ చూసిన కోనసీమ మనిషికి కొబ్బరిచెట్టు అంటే ఏమిటో నేను చెప్పాలా? మొక్క నాటి, కాపు కోసం ఏళ్లు ఎదురుచూసి పెంచినవి. గొడ్డలి మనిషి బీడీ ఆర్పి లేచాడు.

"బాబాయిగారూ, ఆగండి. చెట్టు వల్ల కాదు. డిష్ నేనే సరిగ్గా పెట్టలేదు. తెలిసే వదిలేశాను."

ఆయనకి అర్థం కాలేదు. ఖాలాకి అర్థమైంది. అరుగు మీద లేసు అల్లుతూ ఉన్న చెయ్యి ఆగింది. తలుపు దగ్గర చెల్లెలు నిలబడి ఉంది. తను 59 అడిగిన సంగతి తనకి గుర్తుంది, నాకూ గుర్తుంది. ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి లాప్‌టాప్ తెచ్చుకుని మెట్ల మీద కూర్చుంది.

పైకెక్కాను. ఈసారి తుడిచినట్టు పూర్తిగా తిప్పాను. 74 దాటాక 80కి పడిపోయింది, ఇంకా తిప్పాను, 90, ఇంకా కొంచెం, ఉన్నట్టుండి 70, 66, 64. నేను ఆగస్టులో భయపడి వెనక్కి తిప్పిన చోటికి అవతల నాలుగు వేళ్ల దూరం. అంతే.

64 దగ్గర ఆగిపోయింది. మిగిలింది నిజంగానే మట్టలు. పైపు ఇంకా ఎత్తాలా అని చూస్తుంటే కింద నుంచి చెల్లెలు అంది: "పైకెందుకు భాయ్‌జాన్? కిందికి దించు. చెట్టుకి కింద ఆకులుండవు కదా."

నిజమే. కొబ్బరిచెట్టుకి ఉన్నదంతా తలలోనే. కింద నున్నటి మాను. రెండు మానుల మధ్య నాలుగు మీటర్ల ఖాళీ, దాన్లోంచి ఏరు కనపడుతోంది. డిష్‌ని ఐదడుగులు దించి, మళ్లీ తిప్పి చూస్తే మైనస్ 60. నీళ్లు వైరు వెంట జారి డబ్బాలోకి పోకుండా కేబుల్‌ని కింద లూప్ తిప్పి కట్టాను. ఉప్పుగాలికి తుప్పు పట్టిన క్లాంపులు తీసేసి స్టీలువి వేశాను. ఎర్త్ వైరు మళ్లీ బిగించాను. అన్నీ అయ్యాక చెల్లెలు పెయింటు సీసా అందించింది. పైపు మీద రాయమంది: 60.

ఆ కంపెనీ మళ్లీ పిలవలేదు. మెయిళ్లు పెట్టింది, నేనూ ఆఫీసు తరఫున ఒక లెటర్ ఇచ్చాను, జవాబ్ లేదు. వేరే చోట ఉద్యోగం రావడానికి ఇంకో ఏడాది పైన పట్టింది. ఆ ఏడాది ఖాలా ఎన్ని గజాల లేసు అల్లిందో నేను అడగలేదు.

కాబట్టి, మీ ఛత్ మీద డబ్బా పెట్టడానికి వచ్చిన కుర్రాడు "నెట్ వచ్చేసింది సార్" అనగానే సంతకం పెట్టకండి. సిగ్నల్ అంకె చూపించమనండి. ఆ దూరానికి ఎంత రావాలో, ఎంత వచ్చిందో అడగండి. ఎయిర్‌ఫైబర్ డబ్బాల్లో 5జీతో నడిచేవాటి అంకెలు నా డిష్ అంకెల్లా ఉండవు, పోల్చకండి. అయినా అడగండి. విసుక్కుంటే ఇంకో గ్లాసు చాయ్ ఇచ్చి మళ్లీ అడగండి. పంటు టైం అవుతోందంటాడు. నేనూ అదే అన్నాను.

మొన్న ఈద్‌కి ఖాలా ఇంటికి వెళ్లాను. చెట్లు ఇంకా పెరిగాయి. తలలు పైకి పోయి కింద దారి ఇంకా వెడల్పైంది. గాలి బాగా ఉన్న రోజు కూడా 60 కదలడం లేదు. బాబాయిగారు గోడ అవతల నుంచి ఎప్పటిలాగే అడిగారు.

"ఏం బాబూ, అడ్డవేం రావట్లేదు కదా?"

"లేదు బాబాయిగారూ."

"వత్తే చెప్పండి మరి."